జాన సాగిన ఉయ్యాల

విజయవాడ, వన్ టౌన్
శుక్రవారం, 9 జనవరి 2026

చిరంజీవి వినీలకు పెద్దనాన్న బాలశౌరి దీవెనలు.

మేమిక్కడ కులాసా అని మొదలుపెట్టడం మర్యాద కాబట్టి మొదలుపెడుతున్నాను. నిజానికి మీ పెద్దమ్మ స్టెల్లా మోకాళ్ళు కులాసాగా లేవు. నోరు మాత్రం నిక్షేపంగా ఉంది. పొద్దున లేస్తే ఒకటే పాట: "పిల్ల సముద్రపొడ్డున ఇసుకలో పడుకుంటోంది, పీతలు పీకుతాయి, మీరేమో కాళ్ళు చాపుకుని కూర్చున్నారు." తాబేలు గుడ్లకు కాపలా కాసే ఉద్యోగం కూడా ఉంటుందని నాకీ అరవై ఎనిమిదేళ్ళలో తెలీదమ్మా. ఆ ఇసుక దిబ్బ మీద సెల్లు పలకదు, వారానికొక్క పడవ అన్నావు. మా కాలపు ఉత్తరాలు మళ్ళీ మొదలయ్యాయి. అది మాత్రం నాకు నచ్చింది.

ఈ మూట మీ పడవ నడిపే యేసుకుమార్ చేతికిచ్చి పంపుతున్నాను. ప్రతి శనివారం తాళ్ళకీ సరుకులకీ మన సందులోకే వస్తాడని తెలిసి, పట్టుకుని కూర్చోబెట్టి టీ తాగించాను. విప్పి చూడు. ఉయ్యాల. మీవాళ్ళు హామక్ అంటారట. పేరేదైతేనేం, రెండు చెట్ల మధ్య కట్టుకుని పడుకునేది. లారీల మీద కప్పే పట్టాలకని దాచిన అసలు సిసలు కాన్వాసు, ఇప్పుడు కావాలన్నా దొరకదు. రెండు చివర్లా గుడ్డ మడిచి, ఆ మడత మీద రెండు వరసల కుట్టు వేసి, లోపల తాడు దూర్చాను. మనిషి బరువంతా ఆ మడతల మీదే. ప్రాణం అక్కడే ఉంది.

ఇప్పుడు అసలు సంగతి. నా కుడి కంట్లో శుక్లం వచ్చిందని, ఆపరేషన్ చేయించుకోమని కంటి డాక్టరు చెప్పాడు. కత్తి పెట్టి కొట్టించుకోవడానికి నేనేమన్నా కొబ్బరిబోండాన్నా? మీ పెద్దమ్మేమో కుట్టు మిషను తీసెయ్యమంటుంది. నన్నడిగితే చెయ్యి చెయ్యిలాగే ఉంది. సందులోవాళ్ళు "నీ కుట్టుకు తిరుగేముంది శౌరీ" అంటారు. వాళ్ళ మాటకేం, టీ తాగి పోయేవాళ్ళు. మా నాన్న ఒకటి చెప్పేవాడు: పట్టాని కుట్టినవాడు మెచ్చుకోకూడదు, వానలో దాని కింద పడుకున్నవాడు మెచ్చుకోవాలి అని.

కాబట్టి నువ్వు దీంట్లో పడుకుని ఉన్నదున్నట్టు రాయి. బాగుంటే మిషను ఉంచుతాను. బాగాలేకపోతే తీసేసి, ఆ చోట మీ పెద్దమ్మని పూలకుండీలు పెట్టుకోమంటాను. యాభై ఏళ్ళ పని నీ ఒక్క మాట మీద పెడుతున్నాను. మొహమాటపడకు.

వేళకు తిను.
నీ పెద్దనాన్న

*

దిబ్బ మీద నుంచి
శుక్రవారం, 16 జనవరి

పెద్దనాన్నకీ పెద్దమ్మకీ వినీల నమస్కారాలు.

ముందు పెద్దమ్మకి: పీతలు ఇంతవరకూ పీకలేదు. పీకితే నేనూ పీకుతాను, సీతమ్మగారు పులుసు పెడతారు. సీతమ్మగారంటే మాకు వండిపెట్టే ఆవిడ. ఆవిడది అవతలి ఒడ్డున పల్లెకారుల ఊరు. డెబ్భై దాటాయి. నన్ను "ఏమే బెజవాడ పిల్లా" అంటారు.

అక్షరాలు వంకరగా ఉన్నాయని కంగారుపడకండి. ఇసుకలో పడితే కుడి మణికట్టు బెణికింది. తగ్గిపోతోంది.

మా పని తెల్లవారుజామున మొదలవుతుంది. తల్లి తాబేలు గుడ్లు పెట్టిపోయిన గుంటలు వెతికి, కుక్కలు తవ్వకముందే గుడ్లు తీసి, కంచె వేసిన చోట మళ్ళీ పాతిపెడతాం. ఎండెక్కేసరికి పని పూర్తి. ఇక నిద్రంతా పగలే. గుడారంలో పడుకుంటే ఆవిరికుడుము అయిపోతాం, అందుకని అందరికీ సరుగుడు చెట్ల మధ్య ఉయ్యాలలే. నాకైతే ఇప్పుడు మూడున్నాయి, మహారాణిని.

ఒకటి ఆఫీసువాళ్ళిచ్చిన నైలాన్‌ది. మడిస్తే గుప్పిట్లో పడుతుంది. దోమతెర, జిప్పు, అన్నీ ఉన్నాయి. కానీ చెమటకి వీపుకి అతుక్కుంటుంది. పడుకోగానే రెండు పక్కలా మూసుకుని చిక్కుడుకాయలో గింజని చేసేస్తుంది. రెండోది సీతమ్మగారు పాత వల తాడుతో అల్లిచ్చింది. లేచేసరికి వీపంతా వల అచ్చులు పడి, నన్నెవరో పట్టి తెచ్చిన చేపలా ఉంటాను. మూడోది నీది.

పెద్దనాన్నా, మూడింటిలో నాకు బాగా ఇష్టమైనది నీదే. ఎందుకంటావా? కుట్టు ఇనుమంటే ఇనుమే. చప్పుడు చెయ్యదు. గాలికి ఎగరదు. అంచులు నిటారుగా నిలబడి ఎండ తగలనివ్వవు. అమ్మ ఒళ్ళో పడుకున్నట్టు ఉంది. మా వాళ్ళంతా ఎవరు కుట్టారు, ఎవరు కుట్టారు అని ఒకటే అడగడం. మా పెద్దనాన్న అని గొప్పగా చెప్పాను.

మిషను తియ్యొద్దు. పెద్దమ్మ కుండీలు మేడ మీద పెట్టుకోవచ్చు.

మీ వినీల

*

విజయవాడ
శుక్రవారం, 23 జనవరి

బంగారు తల్లి వినీలకు,

నీ ఉత్తరం మీ పెద్దమ్మకి రెండుసార్లు చదివి వినిపించాను. రెండోసారి "ఇనుమంటే ఇనుమే" దగ్గర ఆపి, ఆవిడ మొహంలోకి చూశాను. చింతకాయ నమిలినట్టు పెట్టింది. తర్వాత సందులో కూడా చదివాను. ఎదురుకొట్టు తాళ్ళ రత్తయ్య "మీ పిల్ల చదువుకుంది కదా, రాతలో కూడా కుట్టు బాగుంది" అన్నాడు. వాడికి కుళ్ళు. పోనీ.

ఇంకో శుభవార్త. మీ పెద్దమ్మ మేనకోడలు శాలినికి ఆడపిల్ల పుట్టింది. గవర్నర్‌పేటలో అత్తగారింటికి వచ్చేసింది. విభూది బుధవారం వస్తే ఇక నలభై రోజులు పండగలూ పబ్బాలూ ఉండవు కదా, అందుకని ముందే ఫిబ్రవరి పదిహేను ఆదివారం, చర్చిలో పూజ అయ్యాక ఫాదర్‌గారు ఇంటికొచ్చి ప్రార్థన చేసి పిల్లని ఉయ్యాల్లో వేస్తారు. ఆ ఉయ్యాల కుట్టే పని నాకొచ్చింది! వచ్చిందేమిటి, నేనే వెళ్ళి తెచ్చుకున్నాను. నీ ఉత్తరం జేబులో పెట్టుకుని వెళ్ళాను. మెత్తని తెల్ల గుడ్డ తీశాను. రెండు చివర్లా మడత, తాడు, హాల్లో పైకప్పు కొక్కెం. నీదెలా కుట్టానో అలాగే, కాకపోతే బుజ్జిది.

ఒక్క చిక్కు వచ్చింది. మామూలుగా ఇలాంటిది ఇచ్చేముందు బియ్యం బస్తా వేసి ఒక పూట వేలాడదీస్తాను. నీదానికి పడవ తొందరలో అది కుదరలేదు. శాలిని అత్తగారు ఆ మాట వినగానే చెవులు మూసుకుంది. ఖాళీ ఉయ్యాల ఊపకూడదు, బిడ్డ కంటే ముందు అందులో ఇంకేదీ పడకూడదు, వాళ్ళింట్లో తాతల నాటి నుంచీ అదే పద్ధతి అంది. "అలాగేనండీ" అన్నాను. వేరే పరీక్ష ఎందుకు? అదే చెయ్యి, అదే మిషను, అదే కుట్టు. యాభై కిలోల పిల్లవి నువ్వు రోజూ ఊగుతున్నావు. నాలుగు కిలోల పసిగుడ్డుకి భయమేమిటి? ఆవిడతో అదే చెప్పాను. మా వినీల మాటే నాకు పరీక్ష అన్నాను.

చెయ్యి తగ్గిందా? నువ్వుల నూనె రాయి.

పెద్దనాన్న

*

దిబ్బ
శుక్రవారం, 30 జనవరి

పెద్దనాన్నకి,

శాలిని వదినకి పాప పుట్టిందని చదివి చాలా సంతోషించాను. ఎవరి పోలిక?

ఇక్కడ అంతా మామూలే. ఈ వారం పదకొండు గుంటలు దొరికాయి. ఒక్కో గుంటలో నూరు పైనే గుడ్లు. పెంకు గట్టిగా ఉండదు పెద్దనాన్నా, మెత్తగా ఉంటుంది. తల్లి పెట్టేటప్పుడు ఏ వైపు పైకి ఉందో అదే వైపు పైకి ఉంచి పాతాలి. తిప్పేస్తే లోపలి ప్రాణం పోతుందట. అందుకని ఒక్కో గుడ్డునీ రెండు చేతులతో, తీసింది తీసినట్టే పట్టుకెళ్ళి పెడతాను.

ఒక మాట చెప్పనా. పాపకి చెక్క ఉయ్యాల అయితే బాగుంటుందేమో. గవర్నర్‌పేటలోనే మంచివి దొరుకుతాయి. ఈ రోజుల్లో గుడ్డ ఉయ్యాల ఎవరు కడుతున్నారు? పైగా నువ్వు కళ్ళకి అంత శ్రమ ఇవ్వకూడదు. ముందు ఆపరేషన్ చేయించుకో. తర్వాత కావాలంటే కుట్టొచ్చు. పెద్దమ్మ చెప్పేది కూడా అదే కదా. ఆవిడ మాట కొంచెం విను.

కుట్టడం ఇంకా మొదలుపెట్టకపోతే మొదలుపెట్టకు. ప్లీజ్.

వినీల

*

విజయవాడ
శుక్రవారం, 6 ఫిబ్రవరి

వినీలకు,

నీ ఉత్తరం అందింది. అర్థమైంది కూడా.

చెక్క ఉయ్యాలట! నువ్వు ఏ ఉయ్యాల్లో పెరిగావో ఎవరినైనా అడుగు. మీ నాన్న చనిపోయిన ఏడాది మీ అమ్మ నిన్ను మా గుమ్మంలోకి తెస్తే, ఆ సాయంత్రానికే కొట్టులో మిషను పక్కన గుడ్డ ఉయ్యాల కట్టాను. ఎడమ కాలి బొటనవేలికి తాడు కట్టుకుని నిన్ను ఊపుతూ, కుడి కాలితో మిషను తొక్కాను. ఈ సందంతా సాక్ష్యం. ఇవాళ చదువుకుని, పదిమందిలో తిరిగేసరికి గుడ్డ ఉయ్యాల ఎవరు కడుతున్నారు అంటావా? శాలిని అత్తగారింట్లో పట్టాలు కుట్టే శౌరి ఉయ్యాల వేలాడితే నీకు నామోషీ. అంతేగా?

మొన్న "ఇనుమంటే ఇనుమే" అన్నావు, ఇవాళ "కళ్ళకి శ్రమ" అంటున్నావు. మధ్యలో ఏం జరిగిందో నాకు తెలీదనుకోకు. మీ పెద్దమ్మ నాకు తెలియకుండా నీకు చీటీ పంపింది. అడిగితే మరియమ్మ తల్లి మీద ఒట్టేసి లేదంది. అప్పట్నుంచి ఇంట్లో మాటల్లేవు. అన్నం పెట్టి గిన్నె చప్పుడు చేస్తుంది, నేను తిని గ్లాసు చప్పుడు చేస్తాను. గుణదల తిరునాళ్ళకి ఈ ఏడాది ఆవిడ దారి ఆవిడదే, నా దారి నాదే.

ఉయ్యాల కుట్టడం అయిపోయింది. పన్నెండో తారీఖు ఇచ్చి వస్తాను. పదిహేను ఆదివారం పది గంటలకి పిల్లని వేస్తారు. నువ్వు మెచ్చుకోనక్కర్లేదు.

బాలశౌరి

*

దిబ్బ
శుక్రవారం, 13 ఫిబ్రవరి

పెద్దనాన్నా,

ఈ ఉత్తరం చివరిదాకా చదవకుండా కోపం తెచ్చుకోవద్దు. నువ్వు చదివేదాకా గడప దగ్గరే నిలబడమని యేసుకుమార్ బాబాయికి చెప్పాను. నీ ఉత్తరం ఆదివారం అందింది. పడవ మళ్ళీ శనివారమే. ఈ ఆరు రోజులూ నేనెలా ఉన్నానో నాకే తెలుసు.

పెద్దమ్మ నాకు ఏ చీటీ పంపలేదు. పాపం ఆవిడని ఏమీ అనకు.

నీ ఉయ్యాల నుంచి నేను పడిపోయాను. మొదటి రోజే, ఎక్కిన కాసేపటికే. కుడి చివర మడత పుటుక్కున ఊడింది. మణికట్టు బెణికింది అందుకే. లేచి చూశాను. ఎడమ చివర కుట్టు నిజంగా ఇనుమే. కుడి చివర నాలుగు వేళ్ళ మేర సూది మడత అంచు పక్కనుంచి పోయింది. పైన చూస్తే రెండు వరసలూ చక్కగా ఉన్నాయి, కింద మడతని పట్టనే లేదు. కుడి కన్ను, కుడి చివర. అప్పుడే నాకు అర్థమైంది.

నిజం రాద్దామనే కూర్చున్నాను. "యాభై ఏళ్ళ పని నీ ఒక్క మాట మీద పెడుతున్నాను" అన్నావు కదా, అక్కడికొచ్చేసరికి చెయ్యి ఆడలేదు. ఒక్క ఉయ్యాలే కదా, నేనే కదా పడింది, ఇసుకే కదా అనుకున్నాను. నువ్వు నా మాట పట్టుకుని పసిపిల్లకి కుడతావని కలలో కూడా అనుకోలేదు. పోయిన ఉత్తరంలోనైనా చెప్పాల్సింది. పిరికిదానిలా చెక్క ఉయ్యాల, చెక్క ఉయ్యాల అని తిప్పాను. నామోషీ కాదు పెద్దనాన్నా. నీ కాలి బొటనవేలి తాడు నాకు గుర్తులేకపోయినా, పెద్దమ్మ చెప్పగా వెయ్యిసార్లు విన్నాను. నీ విషయంలో నాకు నామోషీయా?

దయచేసి ఆ ఉయ్యాలలో పాపని వెయ్యనివ్వకు. కింద మొజాయిక్ నేల.

నిజం రాయమన్నావు కదా, ఇప్పుడు రాస్తాను. మూడింటిలో నాకిష్టమైనది సీతమ్మగారి వల ఉయ్యాల. గాలి ఆడుతుంది, ఐమూలగా పడుకుంటే వీపు వంగదు, తడిస్తే అయిదు నిమిషాల్లో ఆరిపోతుంది. ఇవన్నీ ఉన్నా అసలు కారణం ఇవి కావు. ఆవిడ అల్లేటప్పుడు చూశాను. చూపు సముద్రం మీద ఉంటుంది, చేతులు ముడి వేస్తూనే ఉంటాయి. "చూడకుండా ఎలా అమ్మమ్మా?" అంటే, "చూపు పోయి చాన్నాళ్ళయిందే, వేలితో తడుముతా, పట్టిందో లేదో వేలు చెప్పుద్ది" అన్నారు. వలలో ఒక ముడి ఊడినా పక్క ముడి పట్టుకుంటుందట. మొదటి రోజు పడుకుని లేచాక "చాలా బాగుంది" అన్నాను. కసిరారు. "బాగుందని చెప్పడానికి నువ్వేమన్నా పెళ్ళికొచ్చావా? ఎక్కడ గుచ్చుకుందో చెప్పు." భుజం దగ్గర అన్నాను. అక్కడ విప్పి మళ్ళీ అల్లారు.

అందుకే అదంటే నాకిష్టం. దాని సంగతి ఆవిడతో నిజం చెప్పగలిగాను. నీతో చెప్పలేకపోయాను. నువ్వంటే ఆవిడ కంటే వెయ్యింతలు ఇష్టం కాబట్టి చెప్పలేకపోయాను. ఇదెంత తప్పో ఇక్కడ కూర్చుంటే తెలుస్తోంది.

నీ కాన్వాసు పారెయ్యలేదు. గుడ్లు పాతిన కంచె మీద నీడకి కట్టాం. ఎండ పడితే గుడ్లు ఉడికిపోతాయి. ఆ పనికి అంతకంటే మంచి గుడ్డ ఇంకోటి లేదని మా వాళ్ళన్నారు. ఇది నిజమే రాస్తున్నాను, నమ్ముతావో లేదో.

నన్ను తిట్టు. కానీ ముందు గవర్నర్‌పేట వెళ్ళు.

వినీల

*

విజయవాడ
శుక్రవారం, 20 ఫిబ్రవరి

చిరంజీవి వినీలకు,

నువ్వు ఎదురు చూస్తుంటావు కాబట్టి ముందు ముఖ్యమైనది రాస్తాను. పాప క్షేమం. శాలిని క్షేమం. ఇక నెమ్మదిగా చదువు.

శనివారం మధ్యాహ్నం యేసుకుమార్ ఉత్తరం ఇచ్చి గుమ్మంలో స్తంభంలా నిలబడ్డాడు. "కూర్చో అబ్బాయ్" అంటే "లేదండీ, మీరు చదివేదాకా కదలొద్దని వినీల పాప చెప్పింది" అన్నాడు. చదివాను. చదివాక నేనూ కదల్లేదు. అతనే కుండలోంచి నీళ్ళు ముంచి ఇచ్చాడు. నా జన్మలో అంత భయం ఎప్పుడూ వెయ్యలేదమ్మా. నీ మీద కోపం రాలేదు. కోపానికి చోటే లేదు.

వారం రోజుల తర్వాత మీ పెద్దమ్మతో మొదటి మాట "చెప్పులేసుకో" అన్నాను. ఉత్తరం చేతిలో పెట్టాను. ఆటోలో చదువుకుంది. నాతో తగువేసుకోవడానికి అంత మంచి అవకాశం ఆవిడకి మళ్ళీ రాదు. అయినా నా చెయ్యి పట్టుకుని కూర్చుంది, అంతే.

గవర్నర్‌పేటలో ఇంటినిండా చుట్టాలు. ఉయ్యాల అప్పటికే కొక్కేనికి కట్టేశారు. కాగితం పూలు కూడా చుట్టారు. పదిమంది ముందూ చెప్పాను: "అమ్మా, నా కుట్టు తప్పింది. ఒక్కసారి దించి చూసుకోనివ్వండి." శాలిని అత్తగారు ససేమిరా అంది. దించితే అపశకునం, ఊపితే అపశకునం, బరువేస్తే అపశకునం. మీ పెద్దమ్మ సంగతి తెలుసు కదా. "ఊపకూడదు, అంతే కదండీ? ఊపను" అని రెండు చేతులూ ఉయ్యాల్లో పెట్టి, మోకాళ్ళు నొప్పని కూడా చూడకుండా బలమంతా పెట్టి వంగింది.

కుడి చివర పర్రుమంది.

శాలిని పిల్లని గుండెకి అదుముకుని లోపలికి వెళ్ళిపోయింది. ఆ తల్లి మొహం నేను బతికినన్నాళ్ళూ మర్చిపోలేను. అంతమందిలో తల దాచుకోవడానికి నాకు చోటు దొరకలేదు.

అత్తగారు కాగితం పూలు విప్పి, ఉయ్యాల దింపించి నా చేతిలో పెట్టి, "కుట్టి తెండి శౌరిగారూ, మీరే కుట్టాలి" అంది. నేను కుట్టనన్నాను. మీ పెద్దమ్మ "మీరు తొక్కండి, నేను చూస్తాను" అంది. నలభై రెండేళ్ళ కాపురంలో ఆవిడని మిషను దగ్గరకు రానిచ్చింది లేదు. కొట్టుకెళ్ళి కూర్చున్నాం. ఆవిడ నా కుడి పక్కన స్టూలు వేసుకుని, జానెడు జానెడుకీ "పట్టింది", "పట్టలేదు, ఆపండి" అంటూ వచ్చింది. అయిపోయాక మీ సీతమ్మగారి మాట గుర్తొచ్చి, కళ్ళు మూసుకుని మడత పొడవునా వేలితో తడిమాను. ఒక్కచోట వేలు ఆగింది. ఆవిడ కంటికి కూడా అందలేదది. విప్పి మళ్ళీ వేశాం. మీ సీతమ్మగారికి నా దండాలు చెప్పు.

తిరిగి తీసుకెళ్ళేసరికి అత్తగారు బియ్యం బస్తాతో గుమ్మంలో నిలబడి ఉంది. "ముందు బియ్యం పడితే పిల్లకి అన్నానికి లోటుండదు" అని తనే ఎత్తించింది. శాస్త్రం ఎటు తిప్పుకుంటే అటు తిరుగుతుంది. మర్నాడు పది గంటలదాకా బస్తా అలాగే ఉంది. తర్వాత పాప. ఫాదర్‌గారి ప్రార్థన సగంలోనే నిద్రపోయింది.

ఇప్పుడు నీ సంగతి. నువ్వు అబద్ధం రాశావు, తప్పే. కానీ నేనూ ఒకటి ఒప్పుకోవాలి. కొత్త కాన్వాసు మొదటిరోజు మనిషి బరువుకి జాన సాగుతుంది. ఎంత బిగించి కట్టినా వీపు నేలకి తగులుతుంది, లేచి మళ్ళీ కట్టుకోవాలి. ఈ పనిలో ఉన్న ఎవరినడిగినా చెబుతారు. నువ్వు అన్నీ రాశావు, అమ్మ ఒడి అన్నావు, ఇనుమన్నావు, సాగిందని మాత్రం రాయలేదు. మొదటిసారి చదివినప్పుడే నాకు తట్టింది. ఈ పిల్ల ఇందులో పడుకోలేదే అనుకున్నాను. అనుకుని, పక్కకు నెట్టేశాను. పొగడ్త అంత తియ్యగా ఉంది మరి. నిజం రాయమని అడిగినవాడిని, అబద్ధం కనబడుతుంటే సందంతా తిరిగి చదివాను. మన ఇద్దరిలో ఎవరిది పెద్ద తప్పో నువ్వే చెప్పు.

పట్టాలు కుట్టేవాడి ఉయ్యాల చివరికి పట్టాయే అయింది, గుడ్లకి నీడనిచ్చింది. దాని రాత బాగుంది.

మార్చి రెండున కంటి ఆపరేషన్‌కి ఒప్పుకున్నాను. మిషను మీద దుప్పటి కప్పాను, తియ్యలేదు. కన్ను కుదుటపడ్డాక కుట్టే మొదటిది నీకే. ఈసారి ఇనుమూ వద్దు, అమ్మ ఒడీ వద్దు. ఎక్కు. పడితే, పడ్డానని రాయి.

పెద్దనాన్న

మీ పెద్దమ్మ ఇక్కడ ఒక ముక్క రాస్తానంటోంది: వినీలా, చీటీ పంపానని నన్నన్న మాటకి మీ పెద్దనాన్న ఇంకా క్షమాపణ చెప్పలేదు. ఆ సంగతి కూడా నువ్వే రాసి అడుగు.

*

దిబ్బ
శుక్రవారం, 10 ఏప్రిల్

పెద్దనాన్నకీ పెద్దమ్మకీ,

ఈస్టరు రోజు తెల్లవారుజామున కంచెలో ఇసుక కదిలింది. నీ కాన్వాసు కింద నుంచి నూట పన్నెండు పిల్లలు బయటికొచ్చి, ఎవరూ దారి చెప్పకుండానే నీళ్ళలోకి వెళ్ళిపోయాయి. లెక్కపెడుతూ ఏడ్చేశాను. సీతమ్మగారు నవ్వారు.

కొత్త ఉయ్యాల పోయిన ఆదివారం పడవలో వచ్చింది. సోమవారం పొద్దున కట్టుకుని ఎక్కాను. పడలేదు. రెండు చివర్లా వేలితో తడిమాను, పట్టింది. నాలుగు రోజులు చూసి ఇప్పుడు రాస్తున్నాను. కాన్వాసు ఇప్పటికీ బరువే, మంచుకి తడిస్తే మధ్యాహ్నం దాకా ఆరదు. ఎడమ అంచు కొంచెం పొట్టిగా ఉంది, మోచేతికి ఒరుసుకుంటోంది. మూడింటిలో ఇంకా సీతమ్మగారిదే మొదటిది. నీది మూడో స్థానం నుంచి రెండోదానికి వచ్చింది.

పెద్దమ్మకి క్షమాపణ చెప్పావా?

ఇంకొక్కటి. మొదటిరోజు జాన సాగింది. వీపు ఇసుకకి తగిలింది. లేచి మళ్ళీ బిగించి కట్టుకున్నాను.

నీ వినీల